పేరు కూడా ఒక అమానతే

షాబాన్ మాసంలో వార్షిక పరీక్షలు ముగిసి విద్యార్థులు ఇళ్ళకు తరలిపోయాక మదర్సా ప్రాంగణమంతా నిశ్శబ్దమవుతుంది. రెండేళ్ళ క్రితం అటువంటి ఒక మధ్యాహ్నం మా పూర్వ విద్యార్థి ఒకడు మమ్మల్ని చూడవచ్చాడు. ఇప్పుడతను దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంలో ఒక మస్జిద్‌లో ఇమామ్‌గా ఉన్నాడు. సలాములు, కుశల ప్రశ్నలు అయిన తరువాత సంచిలోంచి ఒక కాగితాల కట్ట తీసి మా ముందుంచాడు.

"హజ్రత్, పాత వ్రాతప్రతులు చదవడం మీ దగ్గరే నేర్చుకున్నాను. ఇవి మాత్రం నాకు లొంగడం లేదు" అన్నాడు.

అవి అరబీ వ్రాతప్రతులు కావు, ఉర్దూవి కూడా కావు. సుమారు నూట నలభై సంవత్సరాల క్రితం మద్రాసు రేవు నుండి నటాల్‌కు వెళ్ళిన ఓడలలోని ప్రయాణికుల జాబితాల నకళ్ళు. ఇంగ్లీషు గొలుసుకట్టు వ్రాత. మాకు ఆ భాషలో ఉన్న ప్రవేశం స్వల్పమే. అయితే మా తండ్రిగారు మర్హూమ్ రిజిస్ట్రారు కార్యాలయం వద్ద దస్తావేజు లేఖరిగా జీవించారు. బాల్యంలో ఆయన పక్కన కూర్చుని పాత దస్తావేజులలోని తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు వ్రాతలను కూడబలుక్కుని చదివిన అలవాటు మాకుంది. ఆ ధైర్యంతోనే ఒప్పుకున్నాము. ఆ సెలవులలో మేము చేసిన పనిని గురించి, అందులో మేము చేసిన ఒక తప్పును గురించి పాఠకులకు చెప్పుకోవాలని ఈ నెల కలం పట్టాము.

ఆ ఓడలు, ఆ మనుషులు

నటాల్ అప్పట్లో ఆంగ్లేయుల వలస రాజ్యం. అక్కడి చెరకు తోటల యజమానులకు కూలీలు కావలసి వచ్చారు. బానిసత్వాన్ని ఆంగ్ల ప్రభుత్వం అంతకు పూర్వమే చట్టరీత్యా రద్దు చేసి ఉన్నది. ఆ స్థానంలో ఒప్పంద కూలీ విధానం వచ్చింది. నిర్ణీత సంవత్సరాల పాటు నిర్ణీత యజమాని వద్ద పనిచేస్తామని వేలిముద్రో, గీతో పెట్టి జనం ఓడ ఎక్కేవారు. మద్రాసు నుండి బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ 342 మందితో 1860 నవంబరు 16వ తేదీన డర్బన్ రేవు చేరింది. నటాల్ గడ్డపై దిగిన మొదటి ఒప్పంద కూలీలు వారే. పది రోజుల అనంతరం కలకత్తా నుండి 'బెల్వడేర్' వచ్చింది. అప్పటి నుండి 1911లో ఈ పద్ధతి ఆగిపోయే వరకు 1,52,184 మంది ఈ విధంగా నటాల్ చేరారు. అందులో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుండి వెళ్ళినవారే.

మద్రాసు రేవు అనగానే అందరూ తమిళులే అనుకోరాదు. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల పేర్లు ఆ జాబితాలలో పుటలు పుటలుగా కనబడతాయి. నేటి చిత్తూరు ప్రాంతం అప్పట్లో ఉత్తర ఆర్కాటులోనిదే. తెలుగువారిని ఆనాటి ఆంగ్లేయులు 'జెంటూ'లనేవారు. కరువు తరిమినవారు, అప్పు తరిమినవారు, ఇంట్లో మాట పడలేక వచ్చినవారు, మేస్త్రీల మాటలకు మోసపోయినవారు, అందరూ ఆ వరుసలలోనే ఉన్నారు. వారిలో ముస్లిములు కొద్దిమందే. తరువాతి కాలంలో తమ ఖర్చుతో తాము టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళిన గుజరాతీ వర్తకుల చరిత్ర అందరికీ తెలుసు. గాంధీగారు 1893లో దక్షిణాఫ్రికా వెళ్ళింది అటువంటి ఒక ముస్లిం వర్తక సంస్థ వ్యాజ్యం కోసమే. కాని చెరకు తోటలో కొడవలి పట్టిన తెలుగు ముస్లిము ఒకడున్నాడన్న సంగతి మన ఇళ్ళలో ఎందరికి తెలుసు?

ఆ మనిషి అక్కడ ఉన్నాడని చెప్పే సాక్షి ఆ జాబితాలోని ఒకే ఒక్క వరుస.

ఆ వరుసలో ఏముంటుంది? మొట్టమొదట ఒక సంఖ్య. నటాల్ చేరిన ప్రతి కూలీకి ప్రభుత్వం ఒక సంఖ్య కేటాయించేది. కొలువులోనూ, పెండ్లిలోనూ, మరణంలోనూ ఆ సంఖ్యే అతని వెంట నడిచేది. ఆ తరువాత పేరు, తండ్రి పేరు, వయస్సు, స్త్రీయా పురుషుడా అన్న వివరం, కులం లేదా మతం, జిల్లా, తాలూకా లేక ఠాణా, గ్రామం. అనేక జాబితాలలో ఒంటిమీది గుర్తులు కూడా: ఎడమ చెంపపై మచ్చ, కుడి మోకాలిపై గాయపు ఆనవాలు. ఇంటిపేరుకు అందులో గడి లేదు. మన తెలుగు నేలపై మనిషిని పట్టి ఇచ్చే మొదటి ఆనవాలు ఇంటిపేరు. దానినే ఆ కాగితం అడగలేదు. అందుకే అక్కడ పుట్టిన బిడ్డలలో చాలామందికి తండ్రి పేరో, తాత పేరో ఇంటిపేరుగా స్థిరపడిపోయింది.

నేడు డర్బన్‌లోని క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయానికి చెందిన గాంధీ-లుథులి డాక్యుమెంటేషన్ కేంద్రం వంటి చోట్ల ఈ జాబితాల ప్రతులు భద్రపరచబడి ఉన్నాయి. వాటిని ఎత్తి వ్రాసి, పేరు పెట్టి వెతికితే దొరికేటట్లు చేసిన పరిశోధకుల శ్రమ గొప్పది. మారిషస్‌లోనూ మహాత్మా గాంధీ సంస్థ అటువంటి పత్రాలను కాపాడుతున్నది. నాలుగు తరాల తరువాత, "మా ముత్తాతది ఏ ఊరు?" అని అడిగే మనుమరాలికి ఆ ఎత్తి వ్రాసిన ప్రతియే మొదటి వాకిలి.

చదవడమే ఒక విద్య

పని మొదలుపెట్టాక మాకు తెలిసివచ్చిన మొదటి సంగతి, ఆ పేర్లు వ్రాసినవాడు ఆ పేర్లు తెలిసినవాడు కాడు. కృష్ణా తీరపు పల్లెవాసి తెలుగులో తన పేరు చెప్పాడు. మద్రాసు డిపోలోని గుమాస్తా తన చెవికి తోచినట్లు ఇంగ్లీషులో వ్రాశాడు. ఓడ దిగాక అక్కడి గుమాస్తా దానిని మరొక పుస్తకంలోకి ఎక్కించాడు. నూరేళ్ళ తరువాత మరొకరు దానిని చదివారు. ప్రతి చేతిలోనూ కొంత జారిపోయింది.

ఇంగ్లీషు అక్షరాలలో మన 'ట'కూ 'త'కూ తేడా లేదు. 'డ'కూ 'ద'కూ తేడా లేదు. 'ళ' పూర్తిగా మాయమవుతుంది. గొలుసుకట్టు వ్రాతలో 'న' అక్షరం, 'ఉ' అక్షరం ఒకే తీరుగా కనబడతాయి. 'షేక్' అన్న ఒక్క మాటే నాలుగైదు విధాల వ్రాయబడింది. 'పై వరుసలో ఉన్నదే' అని చెప్పడానికి గుమాస్తాలు పొట్టిగా రెండక్షరాలు వ్రాసి వదిలేవారు. తెలియనివాడు దానిని 'డో' అనే మనిషి పేరనుకునే ప్రమాదం ఉంది. ఊరి పేరు 'గూడూరు' అని చదివామనుకోండి. కృష్ణా జిల్లాలో గూడూరున్నది, నెల్లూరు వైపు గూడూరున్నది, కర్నూలు వైపూ గూడూరున్నది. జిల్లా గడి చూడక తీర్పు చెబితే ఒక కుటుంబాన్ని వందల మైళ్ళ అవతలి ఊరికి అంటగట్టినట్లే.

ఇదంతా చూస్తుంటే మాకు మేము పాఠం చెప్పే గ్రంథాలే గుర్తుకు వచ్చాయి. హదీసు విద్వాంసులు ఈ బాధలన్నీ వెయ్యేళ్ళ క్రితమే పడ్డారు. అరబీలో చుక్క మారితే అక్షరం మారుతుంది, అక్షరం మారితే మనిషే మారిపోతాడు. దీనిని వారు 'తస్హీఫ్' అన్నారు. వ్రాతలో ఒకేలా ఉండి పలుకులో వేరయ్యే పేర్లపై ఇమామ్ దారఖుత్నీ (రహ్మలై) ప్రత్యేక గ్రంథమే రచించారు. పేరు, తండ్రి పేరు కూడా ఒకటై మనుషులు మాత్రం వేరైన సందర్భాలను ఖతీబ్ బగ్దాదీ (రహ్మలై) మరొక గ్రంథంలో కూర్చారు. ఇబ్నుస్సలాహ్ (రహ్మలై) తన 'ముఖద్దిమా'లో నకలు వ్రాసేవాని ధర్మాలను వివరించారు. వాటిలో ఒకటి 'ముఖాబలా', అంటే వ్రాసుకున్న ప్రతిని మూలప్రతితో పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చి చూడడం. పోల్చి చూడని ప్రతిపై విద్వాంసులకు నమ్మకముండేది కాదు. మూలంలోనే తప్పు ఉన్నదని తోస్తే ఏమి చేయాలి? మాటను దిద్దరాదు. ఉన్నది ఉన్నట్లే వ్రాసి, దానిపై ఒక చిన్న గుర్తు పెట్టాలి. 'నాకు ఇలాగే అందింది, ఇక్కడ ఏదో లోపమున్నట్లు నాకు తోస్తున్నది' అని ఆ గుర్తుకు అర్థం. మన అభిప్రాయం ఏదైనా ఉంటే అది అంచులో వ్రాసుకోవాలి.

ముప్పై సంవత్సరాలుగా ఈ పాఠం చెబుతున్నాము. అయినా ఆ సెలవులలో మేము దానిని పాటించలేదు.

మా తప్పు

ఒక పుటలో మతం గడిలో 'మహమ్మదీయుడు' అని ఉన్నది. వయస్సు 22. జిల్లా కృష్ణా. పేరు గడిలో ఉన్నది 'మస్తానయ్య'. తండ్రి పేరు 'పీరయ్య'.

పాఠకులకు ఇది వింత కాదు. మన దూదేకుల సోదరులలోనూ, పల్లెలలో స్థిరపడిన అనేక ముస్లిం కుటుంబాలలోనూ పీరయ్య, హుస్సేనమ్మ, మస్తానయ్య వంటి పేర్లు తరతరాలుగా ఉన్నవే. మా సొంత ఊళ్ళోనే విన్నవే. కాని ఆ రోజు కలం పట్టిన మా చేయి ఆ 'అయ్య' దగ్గర ఆగిపోయింది. 'తెలుగు గుమాస్తా ఎవడో అలవాటుగా అయ్య తగిలించి ఉంటాడు. ముస్లిముకు ఇది తగిన పేరు కాదు' అని మాకు మేమే నచ్చజెప్పుకున్నాము. తండ్రి గడిలో 'పీర్ ముహమ్మద్' అని వ్రాశాము. కుమారుని పేరు 'షేక్ మస్తాన్' అయింది. ఆ 'షేక్' మూలంలో లేనేలేదు. పైగా ఒక మంచి పని చేశామన్న తృప్తి కూడా కలిగింది. పుటలు ఎక్కువ, సెలవులు తక్కువ అనుకుని ముఖాబలా చేయకుండానే ఆ ప్రతిని డర్బన్ పంపించాము.

అక్కడ ఒక కుటుంబం ఉన్నది. అన్నగారు, చెల్లెలు, ఇద్దరూ డెబ్బై దాటినవారు. వారి ఇంట్లో ముత్తాత పేరు నోటిమాటగా నిలిచి ఉన్నది: మస్తానయ్య, తండ్రి పేరు పీరయ్య. సంఖ్య ఉన్న కాగితం ఎప్పుడో ఇల్లు కాలినప్పుడు పోయింది. భాష పోయింది, ఊరి పేరు పోయింది. పొరపాటుగానైనా మిగిలినవి ఆ రెండు పేర్లే. అన్నగారు ఎనిమిదేళ్ళుగా జాబితాలన్నీ వెతుకుతున్నారు. మా ప్రతి కూడా చూశారట. అందులో 'పీర్ ముహమ్మద్ కుమారుడు షేక్ మస్తాన్' అన్న వరుసను చదివి, వీరు మనవారు కారని పుట తిప్పేశారు. తరువాతి చలికాలంలో ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్.

మా విద్యార్థికి మాకంటే ఎక్కువ ఓర్పు ఉన్నది. మేము వదిలేసిన ముఖాబలాను అతను రాత్రులు కూర్చుని పూర్తిచేశాడు. ఒకనాడు ఇషా తరువాత ఫోన్ చేశాడు. ఎంతో సంకోచంగా, "హజ్రత్, ఒక్క వరుసలో మూలానికీ మన ప్రతికీ తేడా వస్తున్నది. నేనే తప్పు చదువుతున్నానేమో, మీరొకసారి చూస్తారా?" అని అడిగాడు. అతను తప్పు చదవడం లేదు. ఆ సంగతి మాకు ఆ క్షణానే తెలిసింది. గురువు పొరపాటును శిష్యుడు అంత మర్యాదగా చూపినప్పుడు కలిగే సిగ్గు ఎటువంటిదో అనుభవించినవారికే తెలుస్తుంది.

వరుసను దిద్దాము. ఉన్నది ఉన్నట్లుగా వ్రాశాము. చెల్లెలుగారు దానిని చూసి మా విద్యార్థితో అన్న మాట ఇది: "మా అన్నయ్య ఈ పుటను చూశాడు నాయనా. చూసి కూడా తిప్పేశాడు."

ఆమె మమ్మల్ని నిందించలేదు. ఆ ఒక్క మాట చాలు.

తండ్రుల పేర్లతో పిలవండి

అప్పటి నుండి దివ్య ఖుర్‌ఆన్‌లోని అహ్‌జాబ్ సూరా ఐదవ ఆయతు పఠించినప్పుడల్లా మా గొంతు తడబడుతున్నది. ప్రజలను వారి తండ్రుల పేర్లతోనే పిలవమని, అల్లాహ్ దృష్టిలో అదే న్యాయమని అక్కడి ఆజ్ఞ భావం. దైవప్రవక్త (సల్లం) ప్రేమతో పెంచుకున్న జైద్ (రజి)ను ప్రజలు 'ముహమ్మద్ కుమారుడు జైద్' అని పిలిచేవారు. ఆ ఆయతు అవతరించాక ఆయన మళ్ళీ 'హారిసా కుమారుడు జైద్' అయ్యారు. ఆలోచించండి. ప్రవక్త పేరుతో ముడిపడడం కంటే గౌరవమేమున్నది? అయినా ఆ గౌరవం కంటే సత్యమే మిన్న అని అల్లాహ్ నిర్ణయించాడు. ఇక మేమెవరము, పీరయ్యను పీర్ ముహమ్మద్ చేయడానికి?

అదే ఆయతు చివర ఒక ఊరట కూడా ఉన్నది. పొరపాటున జరిగినదానికి దోషం లేదు, హృదయాలు ఉద్దేశపూర్వకంగా చేసినదానికే లెక్క ఉంటుందన్న భావం. మేము ఆ ఊరటను ఆశ్రయిద్దామనుకున్నాము. కాని మనస్సు ఒప్పలేదు. చదవడంలో జారి ఉంటే అది పొరపాటు. మేము సరిగానే చదివాము. చదివినదానిని మా అభిమానం కోసం మార్చాము. దానిని పొరపాటు అనుకోవడం మా ప్రభువు ముందు మరొక తప్పవుతుంది. తౌబా చేసుకున్నాము. ఆయన క్షమాశీలుడు.

ఈ కథ ఇక్కడితో ఆగలేదు. జాబితాలో ఉన్న ఆ గ్రామం మా మదర్సాకు సుమారు ఇరవై మైళ్ళ దూరంలోనే ఉన్నది. అక్కడ మాకు పరిచయమున్న ఒక వృద్ధ హాజీ సాహెబ్ ఉన్నారు. ఆయన కుటుంబం ఆ ఊళ్ళో తరతరాలుగా ఉన్నదే. సంగతి చెప్పి, మీ పెద్దలలో పీరయ్య అనేవారెవరైనా ఉన్నారా అని అడిగాము. ఆయన ముఖం మారిపోయింది.

"మౌలానా, మా ఖాందాన్‌లో పీరయ్యలు, మస్తానయ్యలు లేరు. కూలీకి ఓడెక్కినవారూ లేరు. ఒకవేళ మీరు ఎక్కడైనా వ్రాయదలిస్తే పీర్ అహ్మద్ అని వ్రాయండి. పేరు బాగాలేకపోతే మార్చమని ప్రవక్త గారే చెప్పారు కదా!"

ఆయన మాటలో కొంత నిజమున్నది. చెడు అర్థం గల పేర్లను దైవప్రవక్త (సల్లం) మార్చిన సందర్భాలున్నాయి. కాని అవి ఎదుట నిలిచిన మనుషుల సొంత పేర్లు. చనిపోయిన తండ్రుల పేర్లను ఆయన మార్చలేదు. హజ్న్ అనే సహాబీని సహ్ల్ అని పేరు మార్చుకోమన్నారు. తండ్రి పెట్టిన పేరు మార్చుకోలేనని ఆయన నిరాకరించారు. అది సరైన పని కాదని ఆయన మనుమడే తరువాత విచారించారు. కాని ఆ మనుమడు, మహా విద్వాంసుడైన సయీద్ బిన్ ముసయ్యబ్ (రహ్మలై), తన తాతను సహ్ల్ అని చెప్పుకోలేదు. గ్రంథాలలో నేటికీ ఆయన హజ్న్ మనుమడే. ఇస్లాంకు బద్ధ విరోధి అయిన అబూ జహల్ కుమారుడు ఇక్రిమా (రజి) విశ్వాసి అయ్యాక కూడా తండ్రి పేరు దాచబడలేదు. ఖాలిద్ (రజి) వలీద్ కుమారునిగానే ఉన్నారు, ఉమర్ (రజి) ఖత్తాబ్ కుమారునిగానే ఉన్నారు. తండ్రుల పేర్లు వారి గౌరవాన్ని తగ్గించలేదు. అటువంటప్పుడు నమాజు చేసుకుంటూ దూది ఏకుకుని బ్రతికిన ఒక పేద ముస్లిము పేరులోని 'అయ్య' మన గౌరవాన్ని ఎలా తగ్గిస్తుంది? కావాలని మరొకరిని తండ్రిగా చెప్పుకునేవారిని గురించి హదీసులలో ఎంత తీవ్రమైన హెచ్చరిక ఉన్నదో ఆయనకు గుర్తుచేశాము.

హాజీ సాహెబ్ మౌనంగా విన్నారు. చివరకు అసలు మాట బయటకు వచ్చింది. "ఇంతకాలం తరువాత వారు భూమి వాటా అడిగితే?"

ఆ మాటకు మాకు నవ్వు రాలేదు. మూడెకరాల కోసం తోబుట్టువులు కోర్టులకెక్కుతున్న రోజులివి. ఆయన భయం ఆయనది. డర్బన్‌లోని ఆ పెద్దావిడ కోరినదేమిటో ఆయనకు చెప్పాము: "ఒక్క సెంటు భూమి కూడా ఆమె అడగలేదు. దుఆ చేసేటప్పుడు ఏ ఊరి పేరు తలచుకోవాలో చెప్పమన్నారు, అంతే."

మూడు వారాల తరువాత ఒక జుమా నాడు హాజీ సాహెబ్ మా మదర్సాకు వచ్చారు. చేతిలో గుడ్డలో చుట్టిన ఒక పాత దస్తావేజు. సంవత్సరం 1909. ఆయన ముత్తాత ఒక చెక్క భూమి కొన్నప్పటిది. అందులో తెలుగులో స్పష్టంగా, ఆ ముత్తాత తండ్రి పేరు 'పీరయ్య' అని ఉన్నది. "పెట్టె అడుగున ఉన్నది మౌలానా. నాకు తెలియక కాదు" అన్నారు. అంతకు మించి ఆయన ఏమీ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఊరు ఒకటే. తండ్రి పేరు ఒకటే. కాలమూ సరిపోతున్నది. అయితే మా విద్యార్థి సంతోషంతో "హజ్రత్, ఇద్దరూ అన్నదమ్ములే కదా!" అన్నప్పుడు మేము ఖతీబ్ బగ్దాదీ గ్రంథాన్ని గుర్తుచేశాము. ఒక ఊళ్ళో ఇద్దరు పీరయ్యలు ఉండవచ్చు. కావాలనుకున్న ముగింపు ఎదుట కనబడినప్పుడే కలానికి పగ్గం కావాలి. ఒకసారి కలం జారినవారము మేము. అందుచేత జాబితా నకలులో ఏమీ చేర్చలేదు. అంచులో మాత్రం ఇలా వ్రాసుకున్నాము: 'ఇదే గ్రామంలో 1909 నాటి దస్తావేజులో పీరయ్య కుమారుడు ఒకరున్నారు. బంధుత్వం సంభవమే, రుజువు కాలేదు.'

రెండు కుటుంబాలకూ అదే చెప్పాము. మొన్న ఈదుల్ ఫిత్ర్ నాడు డర్బన్ నుండి హాజీ సాహెబ్‌కు ఫోన్ వచ్చింది. ఆమెకు తెలుగు రాదు, ఈయనకు ఇంగ్లీషు రాదు. సలాము ఇద్దరికీ వచ్చు. ఆయన తన ఊరి పేరు నెమ్మదిగా మూడుసార్లు పలికారట. ఆమె దానిని అవతల మూడుసార్లు పలికారట.

మన ఇళ్ళలో ఏమి చేయాలి?

బంధుత్వాలను నిలుపుకోవడానికి అవసరమైనంతగా మీ వంశాలను తెలుసుకోండి అన్న భావం గల ప్రవక్త ఉపదేశం తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉన్నది. వంశం తెలుసుకోవడం గొప్పలకు కాదు, బంధుత్వానికి అన్నది ఇందులోని సారం. కాబట్టి ఈ నెల పాఠకులకు మా విన్నపాలు కొన్ని.

మొదటిది. మీ ఇంటి పెద్దలు ఉండగానే కూర్చోబెట్టి అడగండి. తాత, ముత్తాత, వారి తండ్రి, నానీ వైపు వారు, వారి ఊళ్ళు. స్త్రీల పేర్లు వదలకండి. మన ఇళ్ళలోని వంశవృక్షాలలో సగం కొమ్మలు లేకపోవడానికి కారణం తల్లుల పేర్లు వ్రాయకపోవడమే.

రెండవది. పెద్దలు పలికినది పలికినట్లుగా తెలుగులో వ్రాయండి. తెలుగు లిపిలో 'ట', 'త', 'ళ', 'ల' దేనికది నిలుస్తుంది. 'పెద మస్తాన్' అంటే 'పెద'తో సహా వ్రాయండి. బుడే సాహెబ్, నాగూరమ్మ, సైదులు, ఏ పేరైనా సరే, అందంగా మార్చకండి. మీరు దిద్దిన పేరు వెనుక ఏ అన్నగారు పుట తిప్పేస్తారో మీకు తెలియదు.

మూడవది. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నది పక్కన వ్రాయండి. అదే మీ ఇంటి సనద్. విన్నది వేరు, కాగితంలో చూసినది వేరు, ఊహించినది వేరు. మూడింటినీ ఒకే వరుసలో కలపకండి.

నాలుగవది. ఇంగ్లీషు చదివిన యువతీ యువకులకు. పాత జాబితాలు ఎత్తి వ్రాసే పనిలో చేతనైతే చేయి కలపండి. బఖరా సూరాలోని అప్పు పత్రాల ఆయతులో, వ్రాయడం తెలిసినవాడు వ్రాయడానికి నిరాకరించరాదని, న్యాయంగా వ్రాయాలని అల్లాహ్ ఆదేశించాడు. అది రుణాల సందర్భంలో వచ్చినదే అయినా, వ్రాత తెలిసిన ప్రతివానికీ అందులో పాఠమున్నది. ఒకరు వ్రాయండి, మరొకరు మూలంతో పోల్చండి. అర్థం కాని అక్షరం ఉంటే ఖాళీ ఉంచండి. ఊహతో నింపిన గడి కంటే ఖాళీ గడి మేలు. ఖాళీని చూసినవాడు మళ్ళీ వెతుకుతాడు. తప్పును చూసినవాడు వెనుదిరుగుతాడు.

శవ్వాల్‌లో మా మదర్సా మళ్ళీ తెరుచుకున్నది. ఈసారి హదీసు తరగతిలో 'ముఖాబలా' పాఠం వచ్చినప్పుడు ఆ రెండు కాగితాలను, అంటే మూలం నకలునూ మేము మొదట వ్రాసిన ప్రతినీ, విద్యార్థుల ముందుంచాము. తేడా పట్టుకోమన్నాము. వెనుక వరుసలో కూర్చునే ఒక పిల్లవాడు అందరికంటే ముందుగా పట్టుకుని, "హజ్రత్, దీనిని నకలు చేసినవారెవరు?" అని అడిగాడు.

మేమేనని చెప్పాము.

మస్తానయ్య బిన్ పీరయ్యను, అతనితో ఆ ఓడ ఎక్కిన విశ్వాసులందరినీ, వారిని వెతుకుతూ వెళ్ళిపోయిన ఆ అన్నగారిని అల్లాహ్ తన కారుణ్యంలోకి తీసుకొనుగాక. మన కలాలను సత్యంపై స్థిరపరచుగాక. ఆమీన్.